ప్రార్థన చేస్తున్నా ధైర్యం రావట్లేదంటే విశ్వాసం తక్కువైనట్టా?

చెల్లె, నీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందు చెప్తాను. తర్వాత చదివేవాళ్లకు కూడా ఈ జవాబు దేనికో తెలుస్తుంది. మీది పరకాల దగ్గర ఊరు. మీ ఆయనకు ఎనిమిది నెలల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. కౌలుకు పట్టిన రెండెకరాల మిర్చిని తామర పురుగు తినేసింది. బయట నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన బాకీ ఒకటి, వారం వారం కిస్తీ కట్టే ఫైనాన్స్ ఒకటి, పొదుపు సంఘంలో తీసుకున్నది ఇంకొకటి. బిడ్డ ఇంటర్ చదువుతోంది, కొడుకు ఏడో తరగతి. మీ అత్తగారేమో "దేవుణ్ణి మార్చుకున్నందుకే నా కొడుక్కు ఇట్లయింది" అంటోంది. మీరు వెళ్లే ప్రార్థన కూడికలో ఒకాయన "పూర్తి విశ్వాసం ఉంటే గోలీలెందుకు, ఆపేసి దేవుని మీద భారం వేయండి" అన్నాడు. ఉపవాసాలు ఉంటున్నావు, రోజూ మోకాళ్ల మీద పడుతున్నావు, అయినా ధైర్యం రావట్లేదు. "రాత్రయితే పోతే బాగుండు అనిపిస్తోంది, నా విశ్వాసం తక్కువనా అక్కా" అని అడిగావు.

నేను నర్సుగా చేసి రిటైరయ్యాను, హనుమకొండలో ఉంటాను. ఎక్కువ కాలం మెడికల్ వార్డులోనే, అంటే పక్షవాతం, బీపీ, షుగర్, పాము కాటు, పురుగుల మందు తాగినవాళ్ల మధ్యనే గడిచింది. బైబిల్ కాలేజీలో చదవలేదు. మా చర్చిలో స్త్రీల కూడిక చూసుకుంటాను, అంతే. కాబట్టి దీన్ని ప్రసంగంలా కాకుండా, వార్డులో నీ పక్కన స్టూలు వేసుకుని చెప్పినట్టు చదువుకో.

నర్సులకు ఒక అలవాటు ఉంటుంది. పేషెంటు అన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించి అన్న మాటనే ముందు పట్టుకుంటాం. నువ్వు చివర్లో అన్నది "పోతే బాగుండు" అని. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ ఆలోచన వచ్చినందుకు నువ్వు దేవునికి దూరమైపోలేదు. ఏలీయా కంటే పెద్ద ప్రవక్త ఎవరున్నారు? కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసినవాడు, రాణి యెజెబెలు బెదిరింపు విని అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. మొదటి రాజులు 19లో ఉంది, ఇవాళే తీసి చదువు. దేవుడు ఆ మాటకు ఏం చేశాడో చూడు. తిట్టలేదు, నీ విశ్వాసం ఏమైంది అని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తలదగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. "నీ శక్తికి మించిన ప్రయాణం" అన్న మాట అప్పుడు వస్తుంది. దేవుడు మాట్లాడింది ఇదంతా అయ్యాక, నలభై దినాలు నడిచి హోరేబు చేరిన తర్వాత.

అందుకని నీకు నేను చెప్పే మొదటి మాట నీకు నచ్చకపోవచ్చు. కొన్నాళ్లు ఉపవాసాలు ఆపు. పడిపోయిన మనిషిని రాత్రి పక్కకు తిప్పి, పొద్దున స్నానం చేయించి, కూలికో మిషను పనికో పోయి, పిల్లలకు వండే మనిషి రోజంతా కడుపు మాడ్చుకుంటే రాత్రికి వచ్చేవి చీకటి ఆలోచనలే. ఇందులో ఆత్మీయత సంగతేమీ లేదు, ఒంట్లో శక్తి లేకపోవడం. పది గంటలకల్లా రెండు ముద్దలు తిని పడుకో. బిడ్డనో, ఆడపడుచునో బతిమాలి వారంలో రెండు రాత్రులైనా ఆయన్ను వాళ్లు చూసేట్టు ఏర్పాటు చెయ్యి.

రెండోది, ఇంట్లో మిర్చికి కొట్టగా మిగిలిన మందు డబ్బాలు ఉంటాయి కదా. చూరు కిందనో, మంచం కిందనో. అవి ఇవాళే ఇంట్లోంచి తీసేయ్. పక్కింటి రైతుకు ఇచ్చేయ్, లేదంటే వేరేవాళ్ల కొట్టంలో పెట్టించి తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంచమను. వార్డులో నేను చూసినవాళ్లలో చాలామంది గంట ముందు వరకు చావాలనుకున్నవాళ్లు కారు. చేతికందే దూరంలో డబ్బా ఉంది, ఒక గొడవ జరిగింది, అంతే. తేరుకున్నాక "బతికించండి సిస్టర్" అని చెయ్యి పట్టుకుని ఏడ్చినవాళ్లే ఎక్కువ. కొన్ని మందులకు అప్పుడు మేం చేయగలిగింది ఏమీ ఉండదు.

మూడోది, 14416 అని టెలీమానస్ నంబరు ఉంది, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి పెట్టింది. ప్రభుత్వానిది, పైసలు పడవు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. రాత్రి రెండింటికి ఆలోచన గట్టిగా పట్టుకుంటే ఆ నంబరుకు చెయ్యి. దేవుణ్ణి వదిలి మనుషుల దగ్గరికి పోయినట్టు కాదా అంటావేమో. గెత్సేమనే తోటలో యేసు ప్రభువు ఏం చేశాడు? పేతురు, యాకోబు, యోహానులను వెంటబెట్టుకుపోయి, నా ప్రాణం మరణమయ్యేంత దుఃఖంలో ఉంది, మీరిక్కడ ఉండి నాతో మెలకువగా ఉండండి అని అడిగాడు. దేవుని కుమారుడే మనుషులను తోడు అడిగాడు. వాళ్లు నిద్రపోయారు, అది వేరే సంగతి. 14416లో నిద్రపోరు.

ఇక నీ అసలు ప్రశ్న.

మీ అత్తగారి మాట, ఆ కూడికలో పెద్దమనిషి మాట పక్కపక్కన పెట్టి చూడు. ఒకరు దేవుణ్ణి మార్చినందుకు అంటున్నారు, ఇంకొకరు పూర్తిగా మారనందుకు అంటున్నారు. ఇద్దరూ వేస్తున్న లెక్క ఒకటే: కష్టం వచ్చిందంటే ఎవరో తప్పు చేశారు. ఆ లెక్క ప్రభువు కొట్టేశాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, వీడు పాపం చేశాడా, కన్నవాళ్లు చేశారా అని శిష్యులు అడిగితే, వీడూ చేయలేదు, కన్నవాళ్లూ చేయలేదు అన్నాడు (యోహాను 9). సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, యెరూషలేములో ఉన్న మిగతా అందరికంటే వాళ్లు పాపులనుకుంటున్నారా, కారు అన్నాడు (లూకా 13). మీ ఆయనకు పక్షవాతం ఎందుకొచ్చిందో నాకైతే ఆయన కాగితాలు చూడకుండా తెలియదు. ఊళ్లలో నలభై దాటని మగవాళ్లకు వచ్చిందంటే చాలాసార్లు ఎన్నడూ చూపించుకోని బీపీ, బీడీ, సారా, షుగర్ వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. డాక్టరును అడుగు, చెప్తాడు. అత్తగారు అడిగినా అదే చెప్పు.

ఆమెతో మాత్రం వాదం పెట్టుకోకు. కన్నకొడుకు మంచంలో పడ్డాడు, ఆమెకు కోపం చూపించడానికి నువ్వు ఒక్కదానివే దొరికావు. ఆమె ముందు గొంతెత్తి ప్రార్థన చేసి గెలవాలని చూడకు. ఆయనకు ఎక్సర్‌సైజులు చేయించే పని పొద్దున పూట ఆమెకు అప్పజెప్పు. చేతిలో పని ఉంటే నోట్లో మాట తగ్గుతుంది. నాకైనా, నీకైనా అంతే.

బైబిల్లో కష్టాల్లో పడ్డ యోబు స్నేహితులు ముగ్గురూ మొదట చాలా మంచి పని చేశారు. ఏడు రాత్రింబగళ్లు ఆయనతో నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిచాకే చెడిపోయారు. మన సంఘాల్లో ఆ ఏడు రోజులు కూర్చునేవాళ్లు తక్కువ, ఎనిమిదో రోజు వచ్చి ప్రసంగం చేసేవాళ్లు ఎక్కువ. ఇది రాసినందుకు నాకు తిట్లు పడతాయి, పడనీ.

కీర్తనల గ్రంథం తిరగెయ్యి. 150లో దాదాపు మూడో వంతు ఏడుపులే. 13వ కీర్తన మొదలే "ఎన్నాళ్లవరకు" అని. 88వది చివరి వరకు ఎక్కడా తేలిక కాదు, చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. వాటిని ఆ గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు, గుడిలో పాడుకున్నారు. కాబట్టి నువ్వు మోకరించి ఏడుస్తూ "ఎందుకు నాయనా" అంటున్నావంటే అది కూడా ప్రార్థనే. నీ విశ్వాసం లేకపోయి ఉంటే ఆ ప్రశ్న ఎవర్ని అడుగుతావు?

గోలీల సంగతి. దీని మీద నేను మెత్తగా మాట్లాడను. ఒక్క గోలీ కూడా ఆపకు. పక్షవాతం ఒకసారి వచ్చినవాళ్లకు రెండోసారి వచ్చే ప్రమాదం ఎక్కువ. బీపీ గోలీ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే గోలీ, కొలెస్ట్రాల్ గోలీ దాన్ని ఆపడానికే. బీపీ మామూలుగా ఉందని ఆపేస్తారు కొందరు, అది గోలీ వల్లనే మామూలుగా ఉంది. మార్చాలన్నా తగ్గించాలన్నా డాక్టరే చేయాలి, ప్రార్థనలో పెద్దమనిషి కాదు. దేవాలయ శిఖరం మీదికి తీసుకుపోయి, కిందికి దూకు, దూతలు ఎత్తి పట్టుకుంటారు అని వాక్యం చూపించి మరీ చెప్పింది సాతాను. నీ దేవుణ్ణి శోధించకూడదు అని ప్రభువు జవాబిచ్చాడు. గోలీ ఆపి దేవుడు బాగుచేస్తాడేమో చూద్దామనడం నా దృష్టిలో ఆ దూకడమే. లూకా వైద్యుడు, పౌలు అతన్ని ప్రియమైన వైద్యుడని రాశాడు. కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం తీసుకొమ్మని తిమోతికి రాసింది కూడా ఆ పౌలే.

మన ప్రాంతం సంగతే చూడు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి ఉంది కదా, దాన్ని మొదలుపెట్టింది ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్. వెస్లియన్ మెథడిస్టు మిషన్ వాళ్లు. 1915 ప్రాంతంలో. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద మొత్తం ఇచ్చి నిలబెట్టాడు. ఊళ్లోంచి వెళ్లగొట్టిన మనుషులు అక్కడ ఉండేవాళ్లు. అప్పటికి మంచి మందు లేదు, చాల్‌మోగ్రా జాతి నూనెను సూదితో ఎక్కించేవాళ్లు, చాలా నొప్పి. ఆ ఆవరణలో పొద్దున ప్రార్థన జరిగేది, సూదీ పడేది. ప్రార్థన చేశాం కదా, ఇవాళ సూది వద్దు అని ఆ డాక్టరమ్మ ఎవరికీ చెప్పలేదు. తెలంగాణలో మన విశ్వాసం మందు సీసాను చేత్తో పట్టుకునే వచ్చింది చెల్లె.

ఇప్పుడు మాట గురించి. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. కుడి వైపు పడిపోయి మాట పోయిందంటే దెబ్బ తగిలింది మెదడు ఎడమ భాగానికి. చాలామందికి మాటలు కూర్చే పని అక్కడ జరుగుతుంది. రాగం మాత్రం ఎక్కువగా కుడి భాగం చూసుకుంటుంది. మా వార్డులో ఒకాయన ఉండేవాడు, భార్య పేరు కూడా పలకలేకపోయేవాడు. నీళ్లు అనబోతే ఇంకేదో వచ్చేది, కోపంతో మంచం కడ్డీ కొట్టుకునేవాడు. ఒక ఆదివారం సాయంత్రం ఆమె మంచం అంచున కూర్చుని వాళ్ల చిన్నప్పటి కీర్తన ఒకటి సన్నగా పాడుకుంటోంది. రెండో చరణంలో ఆయన గొంతు కలిసింది. పదాలు పదాలుగా, రాగంతో సహా. ఆమె బిత్తరపోయి ఆపేసింది. ఆయన ఆపలేదు, చరణం పూర్తి చేశాడు. అయ్యాక "నీళ్లు కావాలా" అని అడిగితే మళ్లీ నోరు తిరగలేదు. పక్క మంచం వాళ్లు అద్భుతం అన్నారు, డ్యూటీ డాక్టరేమో ఇది తెలిసిన సంగతే, మాట పోయినవాళ్లలో కొందరు పాడగలుగుతారు అన్నాడు. నాకు రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డం అనిపించలేదు.

అందుకని రోజూ సాయంత్రం మీ ఆయన పక్కన కూర్చుని, ఆయనకు బాగా నోటికొచ్చిన పాట ఒకటి మెల్లగా పాడు. కొత్త పాటలొద్దు, పెళ్లికి ముందు నుంచి తెలిసినవి. క్రైస్తవ కీర్తనే కానక్కర్లేదు, బతుకమ్మ పాటైనా, జానపదమైనా సరే. వరుస చివరి పదం దగ్గర ఆగి ఆయన ముఖం చూడు, ఆయన అందుకునేదాకా ఆగు. అందుకోకపోతే నువ్వే అని ముందుకు పో. అందరికీ వస్తుందని చెప్పలేను. వస్తే మాత్రం స్పీచ్ థెరపీ చేసేవాళ్లకు ఆ విషయం తప్పకుండా చెప్పు, దాన్ని పట్టుకుని మాటకు దారి వేసే పద్ధతి వాళ్లకు ఉంటుంది. చేతికి, కాలికి మొదటి ఆరు నెలల్లో మార్పు ఎక్కువ కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు. ఎనిమిది నెలలైంది ఇంక రాదులే అని ఫిజియోథెరపీ మానేయొద్దు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో నేర్పిస్తారు, నేర్చుకుని ఇంట్లో చేయించు.

బాకీల దగ్గరికి వద్దాం. రెండవ రాజులు 4లో ఒక విధవరాలు ఉంది. భర్త దైవభక్తి ఉన్నవాడే, అయినా అప్పులు చేసి చచ్చిపోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. భక్తిపరుల ఇంటికి అప్పులవాడు రాడని ఎవరైనా అంటే ఆ అధ్యాయం చూపించు. ఎలీషా ప్రవక్త ఆమెను మొదట అడిగింది "నీ ఇంట్లో ఏముంది" అని. నూనె కుండ ఒకటి ఉంది. ఇరుగుపొరుగు దగ్గర వట్టి పాత్రలు అడుక్కొని తెమ్మన్నాడు, తక్కువ తేవద్దన్నాడు. అద్భుతం జరిగిన తర్వాత కూడా నూనె అమ్ముకుని అప్పు తీర్చి, మిగిలిన దానితో బతకండి అన్నాడు. దేవుని కార్యం జరిగిన ఇంట్లో కూడా అమ్మకం, లెక్క, తీర్చడం ఉన్నాయి.

నువ్వూ ఒక నోటుబుక్కు తీయి. ఎవరికి ఎంత, మిత్తి ఎంత, ఏ రోజు కట్టాలి, కాగితం ఉందా లేదా, అన్నీ రాయి. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకో, ఇంటర్ చదివే పిల్లకు ఇంట్లో టెన్షన్ ఎట్లాగూ తెలుస్తూనే ఉంటుంది, తెలియనట్టు ఉంచితేనే ఎక్కువ భయపడుతుంది. రాత్రి తలలో తిరిగే బాకీ ఎప్పుడూ అసలు కంటే పెద్దదిగా ఉంటుంది. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి నూటికి 36, ముందు దాన్ని కరిగించే మార్గం చూడాలి. పొదుపు సంఘం వాళ్లతో కూర్చుని కిస్తీ తగ్గించమని, గడువు పెంచమని అడుగు. ఒక బాకీ కట్టడానికి ఇంకో ఫైనాన్స్ ఎత్తకు, ఎవరు తలుపు తట్టి ఇస్తామన్నా.

ఫైనాన్సోళ్లు పొద్దున్నే వచ్చి వాకిట్లో కూర్చుంటున్నారని రాశావు. రిజర్వ్ బ్యాంకు 2022లో పెట్టిన నియమాల ప్రకారం ఈ చిన్న అప్పుల వసూలుకు పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్లు చేసి సతాయించకూడదు, బూతులు తిట్టకూడదు, బంధువులను బెదిరించకూడదు. ఈ అప్పులకు తాకట్టు కూడా ఉండదు. ఆ మాట గట్టిగా అనలేకపోతే హనుమకొండ కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది. పోవడానికి సిగ్గుపడకు.

సిగ్గు అన్నానని గుర్తొచ్చింది. మెదక్ చర్చికి పోయినవాళ్లంతా ఆ శిఖరం ఎత్తు, రంగు అద్దాలు చూసి వస్తారు. పాస్నెట్ అనే మిషనరీ దొర దాన్ని 1914లో మొదలుపెట్టించాడు, 1924 క్రిస్మస్ రోజు ప్రతిష్ఠ జరిగింది. ఆ నడుమ కరువు వస్తే జనానికి ఊరికే గంజి పోయకుండా పని చూపించి తిండి పెట్టారు. ఆకలితో వచ్చి రాళ్లు మోసినవాళ్ల మనవలు ఇవాళ "మా తాత కట్టిన గుడి" అని చెప్పుకుంటారు, అడుక్కోవడానికి పోయాడు అనరు. నువ్వూ పని అడుగు, సాయం అడుగు. మిషను కుట్టు వస్తుందన్నావు, మీ సంఘంలోనే క్రిస్మస్‌కు ఎన్ని జాకెట్లు కుట్టించుకుంటారో ఒక్కసారి లెక్క వెయ్యి. దేవుని పేరు చెప్పి, పదివేలు కానుక వేస్తే అప్పంతా తీరుతుంది అనేవాళ్లు వస్తే మాత్రం గుమ్మంలోంచే పంపించు. విధవరాలిని నూనె అమ్ముకొమ్మన్న దేవుడు ఆ నూనెలో వాటా అడగలేదు.

ధైర్యం ఎప్పుడొస్తుంది అని అడిగావు కదా. ఒక్కసారిగా వచ్చి నిలిచిపోయే ధైర్యాన్ని నేను నాలో చూడలేదు, ఎదుటివాళ్లలోనూ చూడలేదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు తిండిగా మన్నా ఎట్లా పడేదో గుర్తుందా? ఏ రోజుది ఆ రోజే. రేపటికి అని దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా అనుదినాహారం నేడు అని ఉంది, వచ్చే నెల కిస్తీ గురించి లేదు. నువ్వు పడుకునే ముందు పదేళ్ల కష్టం ఒక్క రాత్రిలో మోయాలని చూస్తున్నావు: బిడ్డ పెళ్లి, కొడుకు చదువు, ఆయన లేస్తాడా లేవడా అని. దానికి సరిపోయే ధైర్యం ఎవరికీ ఇవ్వలేదు. పొద్దున లేచాక "ఇవాళ్టికి" అని అడుగు. ఇవాళ ఆయన్ను లేపి కూర్చోబెట్టాలి, ఇవాళ పొదుపు సంఘం లీడరుతో మాట్లాడాలి. ఆ రెండింటికి సరిపడా అడుగు.

అసలు ప్రార్థనే రాని రోజులు కూడా ఉంటాయి. మా స్త్రీల కూడికకు ఒకామె వచ్చేది, కొడుకు గల్ఫ్‌లో చనిపోయి శవం రావడానికి వారాలు పట్టింది. ఆమె వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి, "నాకు ఇవాళ ఏం రాదమ్మా, మీరే చేయండి" అని కొంగు నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ ఓదార్చే మాటలు చెప్పలేదు. పక్కన ఉన్న ముసలామె ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని పరలోక ప్రార్థన మొదలుపెట్టింది, మిగతా అందరం అందుకున్నాం. కొన్ని నెలల పాటు ఆమె వంతు ప్రార్థన వేరేవాళ్లే చేశారు. ఇప్పుడు కొత్తగా ఎవరింట్లో చావైనా అందరికంటే ముందు ఆమెనే పోతుంది, ఏమీ మాట్లాడకుండా అంట్లు తోమి వస్తుంది.

మన తాతముత్తాతలు ఈ విశ్వాసంలోకి ఒక్కొక్కరుగా రాలేదు. డోర్నకల్‌లో 1912 నుంచి బిషప్‌గా ఉన్న అజరయ్య గారి కాలంలో ఊళ్లకు ఊళ్లు, గూడేలకు గూడేలు కలిసి వచ్చాయి. మాల, మాదిగ పల్లెల్లో దొర కొట్టినా, కరువొచ్చినా కలిసే పడ్డారు. ఒక్కదానివే గదిలో తలుపేసుకుని ధైర్యం తెచ్చుకోవాలి అన్నది వాళ్లకు తెలియని సంగతి. నీకిప్పుడున్న కూడికలో నిందలే ఎక్కువగా ఉంటే, వేరే సంఘం చూసుకోవడం పాపం కాదు. పరకాలలో, హనుమకొండలో సంఘాలకు కొదవ లేదు. నీ మాట విని, గోలీలు వేశావా అని అడిగే మనిషి ఒక్కరు దొరికిన చోట కూర్చో.

బాగుపడకపోతే ఎట్లా అన్నది నువ్వు రాయలేదు, కానీ ఆ ప్రశ్న నీ మనసులో ఉంటుంది. మా ఆయనకు కిడ్నీలు పోయాయి. డయాలసిస్ మీద ఉండగా నేనూ, మా సంఘమూ ఎంత ప్రార్థించామో చెప్పలేను. ఆయన పోయాడు. ఇన్ని చెప్తున్న నేను అప్పుడు కొన్నాళ్లు చర్చికి పోయినా పాటలో నోరు కదిపేదాన్ని కాదు. పౌలు తన ఒంట్లో ముల్లులాంటి బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, నా కృప నీకు చాలు అన్నాడు దేవుడు. ఆ వాక్యం నాకు ఆ రోజుల్లో ఎవరో చెప్తే కోపం వచ్చింది, అందుకని నీకు దాన్ని మందులా తాగించను. నాకు తెలిసింది ఒక్కటే చెప్తాను: డయాలసిస్‌కు పోయే ప్రతి ఉదయం ఆయన బస్సు మెట్టు మీద కాలు పెట్టే ముందు "నడు, ఇవాళ్టికి" అనేవాడు. ఆ మాటే ఇప్పుడు నీకు అరువిస్తున్నాను.

ఇక వెంటనే చేయాల్సింది. సదరం క్యాంపు, అంటే వైకల్యం ఎంతో చూసి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ క్యాంపు ఉంటుంది, దానికి స్లాట్ ఇప్పుడు ఎట్లా బుక్ చేయాలో మీసేవలో అడుగు. పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటింది కాబట్టి చూస్తారు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే సర్టిఫికెట్ ఇస్తారు, దానితో దివ్యాంగుల పెన్షన్‌కు దరఖాస్తు పెట్టొచ్చు, 2023లో దాన్ని నెలకు 4,016 రూపాయలు చేశారు. మంజూరు ఎప్పుడవుతుందో మన చేతిలో లేదు, కాగితం మాత్రం ముందే చేతిలో ఉండాలి. మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి పది లక్షల వరకు పెంచారు. క్యాంపు రోజు ఆధార్, ఫోటోలు, డిశ్చార్జి కాగితం, స్కానింగ్ ఫిల్ములు, ఇప్పుడు వాడుతున్న గోలీల చీటీ అన్నీ ఒకే కవర్లో పెట్టుకో. ఆయనకు పొద్దున గోలీలు వేసే తీసుకురా, క్యాంపులో మధ్యాహ్నం దాటిపోతుంది, అన్నం డబ్బా కట్టుకో. తేదీ రాగానే ఇక్కడే రాయి, నేను ఉండేది హనుమకొండలోనే, వీల్‌చెయిర్ దగ్గర పట్టుకోవడానికి ఒక మనిషినైతే పంపిస్తాను, లేదంటే నేనే వస్తాను.